ఉపగ్రహ కమాండ్ కంప్యూటర్‌కు కాపలా: తిరుపతి వైపు గ్రౌండ్ స్టేషన్ పెట్టేవారికి

రేణిగుంటలోనో ఏర్పేడులోనో గ్రౌండ్ స్టేషన్ (నేల మీది నుంచి ఉపగ్రహానికి కమాండ్లు పంపే కేంద్రం) పెడుతుంటే, డిష్ బిగించకముందే నెట్‌వర్క్‌ను రెండుగా విడగొట్టండి. కమాండ్ కంప్యూటర్, యాంటెన్నా కంట్రోలర్, మోడెమ్ ఒకవైపు. ఆఫీసు మెయిల్, వైఫై, సీసీ కెమెరాలు మరోవైపు. రెంటి మధ్య ఒకే జంప్ సర్వర్ (అటూఇటూ వెళ్లే ఏకైక ద్వారంగా పనిచేసే కంప్యూటర్) ఉండాలి. అందులోకి పాస్‌వర్డ్‌తో పాటు ఫిడో2 కీ (చేతిలో ఉండే చిన్న భద్రతా పరికరం) పెడితేనే ప్రవేశం. కంట్రోలర్‌కు కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ బిగించిన రోజే మార్చాలి. రిపేరుకు వచ్చేవాళ్లకు వీపీఎన్ (బయటి నుంచి నెట్‌వర్క్‌లోకి వచ్చే రహస్య దారి) ఖాతా పని ఉన్న పూటకే తెరిచి, పని కాగానే మూసేయండి.

ఇది అతి జాగ్రత్త అనిపిస్తే 2022 ఫిబ్రవరి 24న కేఏ-శాట్ ఉపగ్రహ ఇంటర్నెట్ సేవకు ఏమైందో చూడండి. సరిగా అమర్చని వీపీఎన్ గుండా నిర్వహణ నెట్‌వర్క్‌లోకి చొరబడి, ఐరోపాలో వేలాది మోడెమ్‌ల ఫ్లాష్ మెమరీ పాడుచేశారు. జర్మనీలో సుమారు 5,800 గాలిమరలకు దూర పర్యవేక్షణ తెగిపోయింది. ఉపగ్రహాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

రేడియో దారి వేరు. సరైన ఫ్రీక్వెన్సీ, చాలినంత పవర్ ఉంటే బయటివాళ్లూ అప్‌లింక్ (నేల నుంచి ఉపగ్రహానికి సిగ్నల్) పంపగలరు. అందుకే ప్రతి కమాండ్‌కూ పంపింది మీరేనని రుజువు చేసే ధ్రువీకరణ ముద్ర, పాత కమాండ్‌ను పట్టించే వరుస సంఖ్య రెండూ ఉండాలి. అంతరిక్ష సమాచార మార్పిడికి ఉన్న సీసీఎస్‌డీఎస్ 355.0 ప్రమాణం ప్రకారం 256 బిట్ల కీతో ఏఈఎస్-జీసీఎం అనే సంకేతీకరణ పద్ధతి వాడితే ముద్ర పని జరుగుతుంది. ఎక్కువగా దెబ్బతినేది వరుస సంఖ్య దగ్గరే.

నవంబరు తుపానుకు కరెంటు పోయి సర్వర్ పడిపోయిందనుకోండి. నిన్నటి బ్యాకప్‌తో లేపారు. అందులో సంఖ్య 4,120. ఉపగ్రహం అప్పటికే 4,305 చూసింది. మీరు 4,121 పంపితే పాతదని పారేస్తుంది. తక్కువ ఎత్తు కక్ష్యలో ఒక పాస్ (ఉపగ్రహం మీ స్టేషన్‌కు కనిపించే సమయం) పది నిమిషాలకు అటూఇటూ, అది కాస్తా గడిచిపోతుంది. అంతకంటే పెద్ద ముప్పు ఇంకోటుంది: ఆ సంఖ్యతోనే జీసీఎం నాన్స్ (ఒక కీతో ఒక్కసారే వాడాల్సిన సంఖ్య) తయారవుతుంటే, అదే కీతో అదే నాన్స్ రెండోసారి వాడినట్టవుతుంది. ఆ రెండు కమాండ్లూ విన్నవాడికి ముద్రను నకలు చేసే ఆధారం దొరుకుతుంది. కాబట్టి సర్వర్ లేచాక ఏదీ పంపకముందు టెలిమెట్రీలో (ఉపగ్రహం తన స్థితి గురించి పంపే సమాచారంలో) చివరి సంఖ్య చదవండి. ఉపగ్రహానికి చేరకుండా పోయిన కమాండ్లూ ఉండొచ్చు గనక దానికి మరో 1,000 కలిపి మొదలుపెట్టండి. సంఖ్యలో ఇంత పెద్ద గెంతును ఒప్పుకునేలా ఉపగ్రహంలో విండోను (ఎంత ముందు సంఖ్య వరకు అంగీకరించాలో ఆ హద్దును) ప్రయోగానికి ముందే వెడల్పుగా పెట్టాలి. ఉపగ్రహం తన సంఖ్యను కరెంటు పోయినా చెరగని మెమరీలో దాచాలి. లేకుంటే రీబూట్ తర్వాత ఎవరో రికార్డు చేసిన పాత కమాండ్‌ను కొత్తదిగా తీసుకుంటుంది.

సేఫ్ మోడ్‌లో (తేడా వచ్చినప్పుడు ఉపగ్రహం కనీస పనులకే పరిమితమయ్యే స్థితిలో) ధ్రువీకరణ ఆపేయాలన్న సలహా వినకండి, చొరబడాలనుకునేవాడు కోరుకునేది అదే. సేఫ్ మోడ్ కోసం వేరే అత్యవసర కీ, ఇద్దరు కలిస్తేనే తెరుచుకునే బీరువాలో ఉంచండి.

లాగ్‌లు (కంప్యూటర్లలో జరిగిన పనుల నమోదులు) 180 రోజులు ఉంచాలి, చొరబాటు కనిపించిన 6 గంటల్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలి. ఇవి 2022 ఏప్రిల్ ఆదేశాలు. కంప్యూటర్ల గడియారాలన్నీ ఎన్‌టీపీతో (నెట్‌వర్క్ ద్వారా సమయం సరిచేసే పద్ధతితో) కలవకపోతే ఆ లాగ్‌లు అక్కరకు రావు.

వానాకాలం రాకముందే నేల మీది నమూనా ఉపగ్రహంతో ఒక రోజు పరీక్ష పెట్టండి. రికార్డు చేసిన పాత కమాండ్ ఒకసారి మామూలుగా, ఒకసారి రీబూట్ చేశాక, ఒకసారి సేఫ్ మోడ్‌లో పంపండి. మూడుసార్లూ తిరస్కరించాలి.