ఎండిన మిడత కాలు విరగకుండా

బడి ప్రాజెక్టు కోసం దేవరకొండ దిక్కు మా చెల్కలో దొరికిన చచ్చిన మిడతలు ఎండి కర్రల్లా అయితయి. కాలు కదిపితే చాలు, పుటుక్కున ఊడుతది.

మళ్లీ మెత్తబడాలంటే, మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో వేలు మందాన దూది పరిచి తడపండి, నీళ్లు నిలవొద్దు. రెండు చుక్కల డెట్టాల్ వేయండి, బూజు అంత తొందరగా పట్టదు. సీసా మూతలో మిడతను పెట్టి దూది మీద ఉంచండి, తడి నేరుగా తగలొద్దు. మూత పెట్టి ఒక రోజు నీడలో ఉంచండి, పెద్ద మిడతైతే రెండు రోజులు.

తర్వాత కాళ్లు, రెక్కలు మెత్తగా వంగుతయి. థర్మాకోల్ మీద సర్ది గుండుసూదులతో ఆపండి. తల, ఛాతీ, పొట్ట విడివిడిగా తెలుస్తయి. 6 కాళ్లు, 4 రెక్కలు ఛాతీకే ఉంటయి. రెక్క ఎత్తి పొట్ట మొదటి ఖండం పక్కన చూడండి, చిన్న గుండ్రటి పొర ఉంటది. అదే దాని చెవి! మా చిన్నోడు భూతద్దం వదల్లేదు.

ఎండాకాలంలో మాత్రం తడి డబ్బాలో మూడో రోజు దాకా ఉంచకండి, కుళ్లి వాసనొస్తది.