పాటులో మొగ దాటకండి: సంక్రాంతికి సముద్రం మీద వేటకి వెళ్ళే స్నేహితులకి జాగ్రత్తలు

మొన్న మా వైపు మొగలో, అంటే నది సముద్రంలో కలిసే చోట, ఒక ఫైబర్ బోటు తిరగబడింది. ఐదుగురు స్నేహితులు దాన్ని అద్దెకి తీసుకుని, ఒక రాత్రీ పగలూ సముద్రం మీద గాలాలు వేసి, ఐస్ పెట్టె నిండా వంజరాలతో తిరిగొస్తున్నారు. లోపల లోతు నీళ్ళలో వాళ్ళకి ఏమీ కాలేదు. ఒడ్డు మీద కొబ్బరిచెట్లు విడివిడిగా కనిపించేంత దగ్గరికొచ్చాక పోయింది బోటు. ముగ్గురు స్నేహితులూ, బోటు వాళ్ళిద్దరూ బతికారు. మిగతా ఇద్దరూ దక్కలేదు. పేపర్లో ‘అలల తాకిడికి’ అని రాశారు. ఆ వేళకి పాటు (పోటు తగ్గి నీరు బయటికి పోవడం) జోరుగా లాగుతోందని, దానికి ఎదురుగా సముద్రపు గాలి లేచిందని ఎవరూ రాయలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

పండక్కి ఊళ్ళోకొచ్చిన కుర్రాళ్ళు కాకినాడ, యానాం, భైరవపాలెం, ఓడలరేవు, అంతర్వేది నుంచి బోటు మాట్లాడుకుని బయల్దేరడం ఈమధ్య బాగా ఎక్కువైంది. తాగి ఎక్కొద్దని, ఈత రావాలని మీకు ఇంట్లో చెప్పే ఉంటారు, నేను మళ్ళీ చెప్పను. ఇంట్లో వాళ్ళకి తెలియనిది మొగ సంగతి.

మొగ దగ్గర ఏమవుతుంది

గోదావరి ధవళేశ్వరం దిగువన పాయలుగా చీలి వశిష్ఠ అంతర్వేది దగ్గర, వైనతేయ ఓడలరేవు దగ్గర, గౌతమి యానాం దాటాక సముద్రంలో కలుస్తాయి. ఆ కలిసే చోటల్లా నీటి అడుగున ఇసుక తిప్ప ఉంటుంది. నది తెచ్చిన ఇసుకని సముద్రం వెనక్కి నెట్టడంతో ఏర్పడేదే అది. లోపల నదిలో లోతు, బయట సముద్రంలో లోతు, మధ్యలో ఈ తిప్ప మీద మాత్రం నీరు తక్కువ. ఏటా వరదలు తగ్గేసరికి తిప్ప కదులుతుంది, బోటు పోయే దారీ మారుతుంది. పోయినేడు ఫోన్లో దాచుకున్న జీపీఎస్ దారి ఈ ఏడు పనికిరాదు. నిన్నా ఇవాళా ఆ మొగలో తిరిగిన మనిషి బోటులో లేకపోతే ఎక్కకండి.

పోటప్పుడు సముద్రం నీరు లోపలికి ఎక్కుతుంది. ఆ నీరూ కెరటమూ ఒకే వైపు పోతాయి కాబట్టి కెరటం సాగి, చదునవుతుంది. పాటప్పుడు నది నీరు బయటికి లాగుతుంది. లోపలికొచ్చే కెరటానికి ఆ లాగుడు ఎదురు తగిలితే, కెరటం కురచై, నిటారుగా లేచి, తిప్ప మీద విరుగుతుంది. ఒడ్డుకి తిరిగొచ్చే బోటుకి ఆ కెరటం వెనక నుంచి వస్తుంది. వెనక భాగం పైకి లేస్తుంది, ముక్కు నీళ్ళలో గుచ్చుకుంటుంది, చుక్కాని పట్టు తప్పుతుంది, బోటు అడ్డం తిరుగుతుంది. అడ్డం తిరిగిన బోటుని రెండో కెరటం బోల్తా కొడుతుంది. ఇదంతా జరగడానికి మీ పక్కవాడిని పేరు పెట్టి పిలిచేంత సేపు కూడా పట్టదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. బయటి నుంచి చూస్తే మొగ ప్రశాంతంగానే కనిపిస్తుంది, ఎందుకంటే మీకు కనపడేది కెరటాల వీపు. అవి విరిగే ముఖం ఒడ్డు వైపు ఉంటుంది. ‘ఏముందీ, మామూలుగానే ఉందిగా’ అని బోటులో ఉన్నవాళ్ళు అనుకునేది అక్కడే.

కాకినాడ నుంచి వెళ్ళి అలవాటైన వాళ్ళకి ఇది మరీ ముఖ్యం. కాకినాడ దగ్గర హోప్ ఐలాండ్ అడ్డుగా ఉండి పెద్ద కెరటాన్ని ఆపుతుంది, లోపలి నీళ్ళు చాలావరకు నెమ్మదిగానే ఉంటాయి. ఆ ధైర్యంతో అంతర్వేది మొగలోకి రాకండి.

నేను పదే పదే చూసిన తప్పు

తిరుగు టికెట్టు ముందే కొనేయడం. ఈ ప్రమాదాలు దాదాపు అన్నీ అక్కడే మొదలవుతాయి. ఆదివారం రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్‌కి బెర్తులు తీసుకుంటారు, సోమవారం ఆఫీసు. ఆదివారం మధ్యాహ్నం బోటు మొగ బయటికొచ్చి నిలబడుతుంది. బోటు నడిపే సరంగు చుట్టూ చూసి అంటాడు:

“పాటు లాగుతోందండి. ఇక్కడే లంగరేసుకుందాం. పోటెక్కాక లోపలికెళ్దామండి.”

“ఎంతసేపండీ?”

“మూడు గంటలవ్వచ్చండి.”

అప్పుడు మొదలవుతుంది బతిమాలడం. ట్రైన్ పోతుందని ఒకడు, ఇంకో రెండు వేలు ఇస్తామని ఇంకొకడు, పక్క బోటు వెళ్ళిపోయింది కదా అని మరొకడు. ఆ పక్క బోటు ఖాళీగా, తేలిగ్గా ఉంది, నడిపేవాడు పుట్టినప్పటినుంచీ ఆ మొగలో ఉన్నాడు. సరంగు కూడా మనిషే. డబ్బిచ్చినవాళ్ళు అంతమంది కలిసి ఒత్తిడి పెడితే, ఒక్కోసారి ‘సరే, పట్టుకోండి’ అంటాడు. అలా ‘సరే’ అనిపించి పోయినవాళ్ళ ఇళ్ళకి నేను వెళ్ళాను.

కాబట్టి, పాటులో మొగ దాటొద్దు. సరంగు ఆగుదామంటే ఎందుకని అడగండి, నేర్చుకోండి, కానీ బేరం ఆడకండి. ఆయన వెళ్దామన్నా మీకు భయమేస్తే ఆగుదామనండి. ఆగిన బోటు వల్ల ఎవరూ చావలేదు.

బయల్దేరే ముందు రోజే సరంగుని రెండు ప్రశ్నలు అడగండి. పోయేటప్పుడు పోటు ఏ వేళకి, వచ్చేటప్పుడు పోటు ఏ వేళకి? తిథి చూసి ఆయన చెప్పేస్తాడు. పోటుపాట్లు రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి, శనివారం ఉన్న వేళ ఆదివారం ఉండదు. అమావాస్యకీ పౌర్ణమికీ అటూ ఇటూ రెండు రోజులు లాగుడు బలంగా ఉంటుంది, అష్టమి దగ్గర తగ్గుతుంది. మీకు వీలుంటే అష్టమి చుట్టూ పెట్టుకోండి. ఫోన్లో చూసే పోటు పట్టికని ఒక్కదాన్నే నమ్మకండి. పట్టిక ప్రకారం పాటు అయిపోయాక కూడా మొగలో నీరు బయటికి లాగుతూ ఉంటుంది, తిరగడానికి ఇంకా సమయం పడుతుంది. నీరు తిరిగిందో లేదో కళ్ళతో చూసి తేల్చాలి.

మూడు నాలుగు గంటలు బయట ఆగాల్సి వస్తుందని ముందే లెక్కలో పెట్టుకోండి. మంచినీళ్ళు, తిండి ఒక రోజుకి సరిపడా అదనంగా తీసుకోండి. డీజిల్ మూడు వంతులు చేసుకుని ఒక వంతు పోవడానికి, ఒక వంతు రావడానికి వాడండి, మూడోది ముట్టకుండా ఉంచండి. డీజిల్ లేదని పాటులోనే దూరిన బోట్లున్నాయి.

మొగ దాటేటప్పుడు

మొగకి చేరకముందే, నీళ్ళు నెమ్మదిగా ఉన్నప్పుడే లైఫ్ జాకెట్లు వేసుకోండి. పట్టీలన్నీ బిగించాలి. వదులుగా ఉన్న జాకెట్టు నీళ్ళలో పడగానే మెడ మీదుగా పైకి లేచిపోతుంది, మనిషి కిందనుంచి జారిపోతాడు. జాకెట్టు తల కింద దిండుగా పెట్టుకుని పడుకున్నవాళ్ళని చూశాను. వద్దు.

గది ఉన్న బోటయితే ఎవరూ గదిలో ఉండకూడదు. బోటు తిరగబడితే జాకెట్టు మిమ్మల్ని పైకప్పుకేసి నొక్కేస్తుంది, తలుపు దాకా మునిగి రాలేరు.

అందరూ ముందుకెళ్ళి ఒడ్డు చూస్తూ ఫోటోలు దిగుతారు. ముక్కు మీద బరువు పడితే కెరటంలో అదే ముందు గుచ్చుకుంటుంది. మధ్యకీ వెనక్కీ జరిగి కింద కూర్చోండి. నిలబడొద్దు. ఐస్ పెట్టెలు, డబ్బాలు తాళ్ళతో కట్టేయండి, మీరు మాత్రం తాడుతో బోటుకి కట్టుకోకండి.

గాలాలు, తాళ్ళు అన్నీ పైకి లాగేయండి. ఒక్క తీగ ఇంజను పంకాకి చుట్టుకుంటే మొగ మధ్యలో ఇంజను ఆగుతుంది.

లంగరు ముందు భాగంలో, తాడు చిక్కులేకుండా, చేతికందేలా ఉండాలి. ఇంజను ఆగితే మొదటి పని లంగరు వదలడం. వెనక నుంచి వదలకూడదు, వెనక నుంచి వదిలితే కెరటం వెనకవైపు ఎక్కి నింపేస్తుంది.

చీకట్లో మొగ దాటొద్దు. పోటైనా సరే. పాతిన కర్రలు, కట్టిన వలలు కనపడవు.

సముద్రం మీద ఉన్నప్పుడు

సముద్రంలో ఉండగా వాతావరణం మారితే మీకు ముందు తెలియాలి. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ రోజూ అలల ఎత్తు చెబుతుంది, విశాఖపట్నం తుఫాను హెచ్చరిక కేంద్రం చేపలవాళ్ళకి హెచ్చరికలు ఇస్తుంది. ‘అల్పపీడనమే కదా’ అని వెళ్ళకండి. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమని కొట్టిన తుఫానులో వేటకెళ్ళి రానివాళ్ళ కుటుంబాలు భైరవపాలెం, బలుసుతిప్పల్లో ఇంకా ఉన్నాయి. గాలి లేకపోయినా దూరం నుంచి పొడుగాటి కెరటం వస్తుందని చెబితే అది కూడా లెక్కే. అలాంటి రోజు లోతు నీళ్ళలో ఏమీ అనిపించదు, మొగలోనే లేస్తుంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఇంజను బోట్లకి వేట నిషేధం. ఆ రోజుల్లో ఎవరైనా దొంగచాటుగా తీసుకెళ్తానంటే, ఆపదలో సాయానికి చుట్టూ బోట్లు పెద్దగా ఉండవని గుర్తుపెట్టుకోండి.

బోటు మీద రిజిస్ట్రేషన్ నంబరు రాసి ఉందో చూడండి. ఎంతమంది వెళ్తున్నారో మెరైన్ పోలీసులకి చెప్పి వెళ్ళండి. వేటకి నమోదైన బోటు వేరు, జనాన్ని ఎక్కించుకోవడానికి అనుమతి ఉన్న బోటు వేరు. ఏది ఎక్కుతున్నారో కాగితం చూసి ఎక్కండి.

గ్యాస్ పొయ్యి మీద కన్నుంచండి. 2023 డిసెంబరు 1న భైరవపాలెం దగ్గర సముద్రంలో ఒక బోటు అంటుకుంటే 11 మంది నీళ్ళలోకి దూకారు, కోస్ట్ గార్డ్ వాళ్ళు కాపాడారు. వంట అయ్యాక గ్యాస్ సిలిండరు దగ్గరే ఆపేయాలి. బోటు ఊగుతున్నప్పుడు నూనె పెట్టొద్దు.

చమురు, గ్యాస్ తీసే ప్లాట్‌ఫారాలకి 500 మీటర్ల లోపు వెళ్ళకూడదు. అక్కడ చేపలు బాగా పడతాయని ఎవరు చెప్పినా వెళ్ళొద్దు.

రాత్రి దీపాలు ఆర్పొద్దు. ఓడవాళ్ళకి మీరు కనపడాలి.

వాంతి వచ్చేవాళ్ళు బోటు ఎక్కడానికి ముందే మాత్ర వేసుకోవాలి, మొదలయ్యాక వేసుకుంటే నిలవదు. వాంతికైనా, ఒంటేలుకైనా అంచు మీదకి వంగకండి. బకెట్టు వాడండి. రాత్రి అంచు దగ్గరికి ఒంటరిగా ఎవరూ పోవద్దు.

తీగ చేతికి చుట్టుకోవద్దు. కొమ్ముకోనెం లాంటి పెద్ద చేప ఒక్క లాగు లాగితే వేలు తెగుతుంది, లేదా మీరే వెళ్ళిపోతారు.

పైకి లాగిన చేప దగ్గరికి చెప్పులు లేకుండా వెళ్ళొద్దు. వంజరం పళ్ళు బ్లేడులే.

టేకు చేప తోక ముల్లు, జెల్ల ముల్లు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో ముంచి ఉంచండి, అరగంట నుంచి గంటన్నర దాకా. నొప్పి తగ్గుతుంది. ముల్లు పొట్టలోనో ఛాతీలోనో దిగితే పీకొద్దు, అలాగే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

గాలం ఒంట్లో దిగితే వెనక్కి లాగొద్దు. తీగ కోసి, కదలకుండా గుడ్డ చుట్టండి.

పట్టిన ట్యూనా, వంజరం వెంటనే ఐస్‌లో పెట్టండి. ఎండలో ఉంచినవి ఎంత ఉడికించినా అందులో పుట్టిన విషం పోదు.

బోటు అడుగున మూసి ఉంచిన చేపల గదిలోకి ఎవరూ దిగొద్దు. కుళ్ళిన చేపల గాలికి ఒకడు పడిపోతే, వాణ్ణి లేపడానికి దిగిన రెండోవాడు కూడా పడిపోతాడు.

బోటు తిరగబడినా దాన్ని వదిలి ఈదకండి. ఒడ్డు ఎంత దగ్గరగా కనిపించినా సరే. పాటు మిమ్మల్ని బయటికే లాగుతుంది, అది ఈతగాడైనా ఒకటే. బోటుని పట్టుకుని ఉంటే కనపడతారు.

ఫోన్లు ప్లాస్టిక్ కవర్లో మెడకి. కోస్ట్ గార్డ్ 1554, మెరైన్ పోలీసు 1093. కాగితం మీద కూడా రాసుకోండి. ఒడ్డు కనపడనంత దూరం పోతే సిగ్నల్ ఉండదు, బోటులో వీహెచ్‌ఎఫ్ రేడియో ఉండాలి, ఆపదలో పిలిచే ఛానల్ 16 మీద ఎలా పిలవాలో మీలో ఇద్దరైనా నేర్చుకుని ఎక్కండి.

ఒడ్డున ఒక మనిషిని పెట్టుకోండి. బోటు నంబరు, సరంగు ఫోను, ఎక్కినవాళ్ళ పేర్లు, బయల్దేరిన వేళ, వచ్చేటప్పుడు దాటాల్సిన పోటు వేళ ఆ మనిషి దగ్గర రాసి ఉండాలి. మొదటి పోటుకి రాకపోతే ఫోన్ చేసి ‘ఇంకా ఎంతసేపు’ అని అడగొద్దు, బయట లంగరేసి ఆగి ఉండొచ్చు, మీ ఫోను వాళ్ళని తొందర పెడుతుంది. బోటు క్షేమంగా ఉందా అని ఒక్క ముక్క సరంగుని అడిగి పెట్టేయాలి. జవాబు లేకపోయినా, రెండో పోటు కూడా దాటినా, ఎవరి అనుమతీ అడగకుండా 1554కి ఫోన్ చేసి, ఆ కాగితం చూసి వరసగా చదవాలి.