డెల్టా బోరులో నీరు మారితే: కారణం గుర్తించడం, సరిచేయడం

గోదావరి డెల్టాలో బోరు నీరు ఉప్పగానో ఎర్రగానో మారితే ఎగువనున్న బొగ్గు గనులను అనుమానించేవారు కొందరున్నారు. భూగర్భ గనుల్లో బొగ్గు తీసిన చోట పైకప్పు కూలి, పగుళ్లు పైపొరలకు పాకి, వాగు నీరు, బావి నీరు ఆ పగుళ్లలోకి దిగిపోవడం నిజమే. అయితే అలా నీటి మట్టాలు పడిపోవడం గని పరిసరాలకే పరిమితమవుతుంది కాబట్టి, మణుగూరులోనో రామగుండంలోనో తవ్విన గని ధవళేశ్వరం దిగువన ఒండ్రులో దింపిన బోరును ఎండగట్టలేదు, ఉప్పగా మార్చలేదు. డెల్టాలో కారణాన్ని ముందుగా కాళ్ల కిందే వెతకాలి.

లక్షణం: నీరు ఉప్పగా మారింది

మొదట తేల్చుకోవలసింది ఎప్పుడు మారిందన్నది. వేసవిలో కాలువలు కట్టేసిన తరువాత ఉప్పగా మారి, కాలువలు వదిలిన కొన్ని వారాలకు తిరిగి మెరుగైతే, పైనున్న పలుచని మంచినీటి పొరను అతిగా తోడడం వల్ల కింది ఉప్పునీరు పైకి ఎగదన్నుతున్నదని అర్థం. తీరప్రాంతాల్లో సముద్రమట్టానికి పైనున్న మంచినీటి మట్టం 1 మీటరు తగ్గితే, ఉప్పునీటి హద్దు సిద్ధాంతరీత్యా 40 మీటర్లు పైకి వస్తుంది. అందుకే ఉప్పు తగిలిన బోరును ఇంకా లోతు చేయించడం డెల్టాలో తరచుగా డబ్బు పోసి ఉప్పు కొనుక్కోవడమే అవుతుంది. ఒకే బోరు నుంచి పెద్ద మోటారుతో తోడడానికి బదులు, తక్కువ లోతున్న రెండు మూడు ఫిల్టర్ పాయింట్ల (ఇసుక పొరలో దింపే చిన్న గొట్టపు బావుల) నుంచి చిన్న మోటార్లతో, మధ్యలో విరామమిస్తూ తోడితే మంచినీటి పొర నిలుస్తుంది. తాగునీటికి, కాలువలు కట్టేయకముందే ఊరి మంచినీటి చెరువును నింపుకోవడమే నమ్మదగిన దారి.

వానాకాలంలోనూ ఉప్పు తగ్గకపోతే చుట్టూ రొయ్యల చెరువులున్నాయేమో చూడాలి. చెరువులోని ఉప్పునీరు గట్టు కిందనుంచి ఊరి పక్క పొలాల్లోకి, అక్కడి నుంచి పైపొర భూజలంలోకి ఊరుతుంది. చెరువు గట్టు వెలుపల ఊటను పట్టే లోతైన బోదె తవ్వి, ఆ నీటిని సాగునీటి కాలువలోకి కాకుండా మురుగు కాలువలోకి పంపితే కొంత అదుపు దొరుకుతుంది; పూర్తి పరిష్కారం మాత్రం ఆ స్థలంలో ఉప్పునీటి సాగు మానడమే. సముద్రపు పోటు వేసవిలో మురుగు కాలువల మీదుగా లోపలికి ఎగదన్నే ఊళ్లలో చెడిపోయిన తూము తలుపులను బాగుచేయించడం అన్నిటికంటే ముందు. ఊళ్లోని ఆర్‌ఓ ప్లాంటు వదిలే గాఢమైన నీటిని బావి పక్కనే పారబోస్తున్నారేమో కూడా చూడాలి. ఇది చిన్న విషయమే అయినా ఎవరూ పట్టించుకోరు.

లక్షణం: తోడినప్పుడు తేట, కాసేపటికి ఎరుపు

గని నీరన్న అనుమానం ఎక్కువగా వచ్చేది ఇక్కడే. గనిలో గాలి తగిలిన పైరైటు (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) ఇనుమును, సల్ఫేటును విడుదల చేస్తుంది. మేఘాలయలోని జైంతియా కొండల్లో వాగులు ఆమ్లంగా మారడానికి అక్కడి బొగ్గులో గంధకం ఎక్కువగా ఉండడమే కారణం. గోదావరి లోయలోని గోండ్వానా (పురాతన శిలల) బొగ్గులో గంధకం తక్కువ. డెల్టా ఒండ్రులోనైతే కుళ్లిన ఆకులలములు గాలి లేనిచోట ఇనుమును కరిగిస్తాయి, ఆ నీరు పైకి వచ్చి గాలి తగలగానే చిలుము పడుతుంది.

గని నీటినీ, ఒండ్రు ఇనుమునూ వేరుచేసేది ప్రయోగశాల పరీక్ష. జేబులో పెట్టుకునే టీడీఎస్ మీటరు మొత్తం లవణాన్నే చూపుతుంది, ఏ లవణమో చెప్పదు; కనుక క్లోరైడు, సల్ఫేటు, ఇనుము, పీహెచ్ (నీటి ఆమ్లత్వం) విడివిడిగా అడగాలి. సముద్రపు నీటిలో క్లోరైడు సల్ఫేటుకు దాదాపు 7 రెట్లుంటుంది. కాబట్టి క్లోరైడు తక్కువగా ఉండి సల్ఫేటు ఒక్కటే తాగునీటికున్న లీటరుకు 400 మిల్లీగ్రాముల గరిష్ఠ పరిమితిని దాటితేనే గంధకపు మూలాన్ని వెతకాలి. ఒండ్రు ఇనుముకైతే నీటిని ఎత్తునుంచి జల్లుగా పడేలా చేసి, ఒక రాత్రి నిలవబెట్టి, ఇసుక గుండా వడకడితే సరిపోతుంది.

లక్షణం: ఒక చోట పారే వాగు కొంతదూరంలో మాయమైంది

ఇది డెల్టా లక్షణం కాదు. అయితే పైనున్న మెట్ట నుంచి తమ్మిలేరు కొల్లేరుకూ, ఎర్రకాలువ పశ్చిమ డెల్టా వైపుకూ వస్తాయి. చింతలపూడి ప్రాంతంలో బొగ్గు నిల్వలున్నాయి. అక్కడ భూగర్భ గని వస్తే ఈ వాగులపై పడే ప్రభావం దిగువకూ వస్తుంది. కారణం గని అవునో కాదో తేల్చాలంటే వాగులో ఎగువన, దిగువన ఒకే రోజు ప్రవాహం కొలవాలి. ఇసుకలో ఇంకిపోయే నీరు ఏటా అదే చోట ఇంకుతుంది, గని పగుళ్లలో పోయే నీరు తవ్వకం ముందుకు సాగినకొద్దీ కొత్తచోట్ల మాయమవుతుంది.

పగుళ్లను బంకమట్టితో పూడ్చడం తాత్కాలికమే. వాగు కింద బొగ్గు దిమ్మెలను తీయకుండా వదిలేయడం, ఖాళీలను ఇసుకతో నింపే స్టోయింగ్ పద్ధతిని పాటించడం ముందే చేయవలసిన పనులు. వాటిని అడగడానికి చేతిలో లెక్క ఉండాలి కనుక, తవ్వకానికి ముందే మే నెలలోనూ నవంబరులోనూ బావుల మట్టం, వాగు ప్రవాహం, సల్ఫేటు కొలిపించి, తేదీతో సహా పంచాయతీ రికార్డులో రాయించుకోవాలి.