అర కిలో జీడిపప్పుతో గణాంక శాస్త్రం: డిగ్రీ విద్యార్థులకు దత్తాంశాన్ని చేతికిచ్చి బోధించే పద్ధతి

డిగ్రీలో గణాంక శాస్త్రం చెప్పే మనలో చాలామందికి ఒక అలవాటు ఉంది. బోర్డు మీద సూత్రం రాస్తాం, దాని కింద పది అంకెలు వేస్తాం, క్రమ విచలనం (అంకెలు సగటు నుంచి ఎంతగా చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) కట్టమంటాం. ఆ పది అంకెలు ఎక్కడివో, వాటిని ఎవరు దేనితో కొలిచారో, అవి గ్రాములో సెంటీమీటర్లో విద్యార్థి అడగడు. అడిగినా మన దగ్గర జవాబు ఉండదు. శ్రీకాకుళం జిల్లాలో పాఠం చెబుతూ కొన్నేళ్లపాటు నేనూ అలాగే నడిపాను. తరువాత పద్ధతి మార్చుకుని, నిలిచినదాన్ని నిలుపుకొని, నిలవనిదాన్ని వదిలేశాను. విద్యార్థి తాను స్వయంగా కొలిచిన అంకెల మీదే ప్రతి సూత్రాన్నీ మొదటిసారి వాడాలి, ఆ సూత్రం ఎందుకు కావలసి వచ్చిందో ముందుగా అతనికి తెలిసిరావాలి, పేరు ఆ తరువాతే చెప్పాలి అన్నది ఇందులో నేను పట్టుకున్న నియమం.

ఇందుకు పెద్ద ప్రయోగశాల అవసరం లేదు. మన జిల్లాలో పలాస ఉంది, అక్కడి జీడిపప్పు ఉంది. ఆ పప్పును అమ్మే పద్ధతిలోనే ఒక గణాంక సమస్య దాగి ఉంది. డబ్బా మీద కనిపించే డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అనే గుర్తుల్లోని అంకె, ఒక పౌనుకు, అంటే 453.6 గ్రాములకు, ఎన్ని పలుకులు తూగుతాయో చెబుతుంది. డబ్ల్యూ 320 అంటే పౌనుకు 300 నుంచి 320 వరకు తెల్లని నిండు పలుకులు. 453.6ను 320తో భాగిస్తే 1.42, 300తో భాగిస్తే 1.51 వస్తాయి కాబట్టి, ఆ డబ్బాలో పలుకు సగటు బరువు 1.42 గ్రాములకు, 1.51 గ్రాములకు మధ్య ఉండాలి. డబ్ల్యూ 240కి ఇదే లెక్క 1.89 నుంచి 2.06 గ్రాములు అవుతుంది. ఈ భాగహారాన్ని మీరు చేసి చూపించకండి. డబ్బాను బల్ల మీద పెట్టి, ఈ అంకె ఏమిటని అడిగి ఊరుకోండి. ఇంట్లో ఎవరో ఒకరు జీడి బట్టీలో పనిచేసే విద్యార్థి తరగతిలో ఉంటే ఆ రోజు పాఠం అతనే చెబుతాడు. బ్యాక్‌బెంచీలో కూర్చునే విద్యార్థికి అలాంటి రోజు ఒకటి దొరకడం కూడా చిన్న విషయం కాదు.

మొదటి ప్రాక్టికల్‌కు కావలసినవి డబ్ల్యూ 320 అర కిలో, 0.01 గ్రాము వరకు చూపే ఎలక్ట్రానిక్ తూనికలు రెండో మూడో, ఒకే కొలతలో కత్తిరించిన కాగితపు చీటీలు. తూనికలు రసాయన శాస్త్ర విభాగంలో దొరుకుతాయి, అడిగి తెచ్చుకోవచ్చు. తరగతిలో నలభై మంది ఉంటే ఒక్కొక్కరు ఎనిమిది పలుకులు తూచి, ఒక్కో బరువును ఒక్కో చీటీ మీద రాయాలి. మొత్తం 320 చీటీలు అవుతాయి. ఆ 320 బరువులనూ కూడితే 453.6 గ్రాములకు తగ్గకుండా వస్తుందా అన్నదే డబ్బా మీది మాట నిజమో కాదో తేల్చే ప్రశ్న. అయితే ఆ మొత్తాన్ని మీరొక్కరే కూడి, కవరులో పెట్టి, అంటించి దాచండి. విద్యార్థులకు అది నెల తరువాతే తెలియాలి.

తూచే దశలోనే రెండు పాఠాలు వాటంతట అవే వస్తాయి. డబ్బాను బాగా కుదిపి మూత తీస్తే పెద్ద పలుకులు పైకి తేలి, చిన్నవి అడుగుకు జారి ఉంటాయి. పైనుంచి గుప్పెడు తీసుకున్న జట్టు సగటుకు, పళ్లెంలో పోసి అడుగువి తీసుకున్న జట్టు సగటుకు తేడా కనిపించినప్పుడు, యాదృచ్ఛిక ప్రతిచయనం (ప్రతి పలుకుకూ సమాన అవకాశం ఇచ్చి నమూనా తీయడం) అన్న మాటను నిర్వచించకుండానే దాని అవసరం అర్థమవుతుంది. ఒకే పలుకును ఇద్దరు తూస్తే ఒకరికి 1.47, మరొకరికి 1.49 రావడం రెండో పాఠం. ఫ్యాను కింద పెట్టిన తూనిక నిలకడగా ఉండదు. కొలతలోని తేడా వేరు, పలుకుల మధ్య తేడా వేరు అన్న సంగతి ఇక్కడ పట్టుబడితే, మూడో ఏడాదిలో విచరణ విశ్లేషణ (మొత్తం తేడాను దాని మూలాల వారీగా విడదీసే పద్ధతి) చెప్పేటప్పుడు మీ గొంతు సగం ఆదా అవుతుంది.

తరువాత చీటీలను గోడ మీద ఒకదానిపై ఒకటిగా, 0.05 గ్రాముల వెడల్పు గల వరుసల్లో అంటించమనండి. అదే హిస్టోగ్రామ్. కాగితం మీద గీసినదాని కంటే ఇది మేలు, ఎందుకంటే ఇందులో ప్రతి చీటీ ఒక పలుకు, దానిని తూచిన వ్యక్తి పక్కనే నిలబడి ఉంటాడు. ఎక్కడో దూరంగా 0.71 దగ్గర ఒంటరిగా ఒక చీటీ కనిపిస్తే, అది ఎవరిదని అడగండి. విరిగిన పలుకును తూచానని ఒకరు ఒప్పుకోవచ్చు, 1.71ని తప్పుగా రాశానని మరొకరు చెప్పవచ్చు. మొదటిదాన్ని తీసివేయడానికి కారణం ఉంది, రెండోదాన్ని దిద్దడానికి ఆధారం ఉంది. కారణమూ ఆధారమూ లేకుండా, దూరంగా ఉందన్న ఒక్క నెపంతో ఏ అంకెనూ తీసివేయరాదు. సగటు మీద అతి నమ్మకాన్ని తగ్గించడానికి మరొక పని కూడా చేయవచ్చు. కొన్ని డబ్ల్యూ 240 పలుకులను, కొన్ని డబ్ల్యూ 450 పలుకులను తగిన పాళ్లలో కలిపి, సగటు 1.45 గ్రాములు వచ్చేలా ఒక పొట్లం కట్టి ఇవ్వండి. సగటు చూసినవారు ఇది డబ్ల్యూ 320 అంటారు. గోడ మీద అంటించినవారికి రెండు గుట్టలు కనిపిస్తాయి.

ఇక అసలైన పని. చీటీలన్నిటినీ కుండలో వేసి, తీసిన చీటీని తిరిగి వేస్తూ, ఒక్కో జట్టు 36 చీటీలు తీసి సగటు కట్టాలి. జట్ల సగటులను మళ్లీ గోడ మీద అంటిస్తే, మొదటి గుట్ట కంటే ఈ గుట్ట ఎంత సన్నగా ఉందో కంటికి కనబడుతుంది. ఇలా తీసిన సగటులు ఒకదానికొకటి ఎంత తేడాగా వస్తాయో చెప్పే కొలతకు ప్రామాణిక దోషం అన్న పేరును ఇక్కడ పరిచయం చేయాలి. క్రమ విచలనం 0.18 గ్రాములు అనుకుంటే, 36 పలుకుల సగటుకు ప్రామాణిక దోషం 0.18ను 6తో భాగించగా వచ్చే 0.03. ఒక జట్టుకు సగటు 1.46 వచ్చిందనుకుందాం. దానికి అటూ ఇటూ రెండేసి ప్రామాణిక దోషాలు తీసుకుంటే 1.40 నుంచి 1.52 వరకు వస్తుంది. కావలసిన కనీస సగటు 1.42 ఈ హద్దుల లోపలే ఉంది కాబట్టి, డబ్బా మాట నిలబెట్టుకుందని ఆ జట్టు గట్టిగా చెప్పలేదు. నాలుగు జట్లు తమ చీటీలు కలుపుకుంటే 144 అవుతాయి, ప్రామాణిక దోషం 0.015కు దిగుతుంది, సగటు అదే 1.46 అయితే హద్దులు 1.43 నుంచి 1.49 వరకు కుదించుకుంటాయి. ఇప్పుడు చెప్పవచ్చు. దోషం సగానికి తగ్గాలంటే శాంపిల్ నాలుగు రెట్లు కావాలన్న సంగతిని నేను ఏ ఏడాదీ ఇంతకంటే తేలికగా చెప్పలేకపోయాను. ఆ తరువాత కవరు విప్పండి. ఎన్ని జట్ల హద్దుల్లో అసలు సగటు పడిందో లెక్కించండి. ఒకటి రెండు జట్లు తప్పితే కంగారు పడనివ్వకండి, రెండేసి ప్రామాణిక దోషాల హద్దులను 95 శాతం హద్దులు అనడంలో అర్థం అదే.

పరికల్పన పరీక్షకు, అంటే కనిపించిన తేడా నిజమైనదో యాదృచ్ఛికమో తేల్చే పనికి కూడా, ముందు పట్టికలు తెరవవద్దు. రెండు దుకాణాల్లో కొన్న డబ్ల్యూ 320 పప్పు నుంచి ఇరవయ్యేసి పలుకులు తూచి, సగటుల తేడా చూడాలి. దుకాణాల మధ్య నిజంగా తేడా లేకపోతే ఏ చీటీ ఏ దుకాణానిదైనా ఒకటే కదా అన్న ఆలోచనతో నలభై చీటీలనూ పేకముక్కల్లా కలిపి, మళ్లీ ఇరవై ఇరవైగా పంచి, తేడా కట్టాలి. ఇరవై జట్లు పదేసిసార్లు చేస్తే 200 తేడాలు వస్తాయి. వాటిలో ఆరు మాత్రమే, ఏ వైపున ఉన్నా, మొదట చూసిన తేడాతో సమానంగానో అంతకంటే ఎక్కువగానో ఉంటే, 200లో 6, అంటే 0.03. విద్యార్థులు పరీక్షలో రాయవలసిన పి విలువ, అంటే అసలు తేడా లేకున్నా కనీసం ఇంత తేడా యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం, ఇదే. ఆ మాటను ఇంగ్లీషులో బట్టీ పట్టి రాసేవారికీ, చీటీలు కలిపి లెక్కించినవారికీ తేడా వైవాలో ఒక్క ప్రశ్నతో తేలిపోతుంది.

రెండో దఫా దత్తాంశాన్ని కొనవలసిన అవసరం కూడా లేదు. మన రాష్ట్రంలో డిగ్రీ విద్యార్థులు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు కింద ఊళ్లలో ఇంటింటికీ తిరిగి ప్రశ్నావళులు నింపుతారు. నివేదిక సమర్పించగానే ఆ కాగితాల పని అయిపోయిందనుకుంటాం. వాటిని తీసుకుని, ముందు పేర్లు, ఫోన్ నంబర్లు కొట్టివేయించి, వయసుల గడి ఒక్కటి ఎక్కించమనండి. వయసు చివరి అంకెను బట్టి లెక్క పెడితే సున్నా, అయిదు దగ్గర గుట్టలు పడతాయి, ఎందుకంటే మన పెద్దవాళ్లు వయసు అడిగితే నలభై, నలభై అయిదు అని ఉజ్జాయింపుగానే చెబుతారు. దీన్ని కొలిచే విపిల్ సూచిక చాలా సులభమైనది. 23 నుంచి 62 ఏళ్ల మధ్య ఉన్నవారిలో 0తో గాని 5తో గాని ముగిసే వయసు చెప్పినవారి సంఖ్యను ఆ వయోవర్గం మొత్తంతో భాగించి 500తో గుణించాలి. ఎవరూ గుండ్రని అంకె వైపు మొగ్గకపోతే 100 చుట్టుపక్కల వస్తుంది. 200 మందిలో 72 మంది అలా చెబితే 180 వస్తుంది, 175 దాటిన దత్తాంశం చాలా ముతకది. ఒక ఏడాది ఒక జట్టు తెచ్చిన వయసుల్లో సున్నాలు, అయిదులు దాదాపు లేవు. ఇంట్లో కూర్చుని నింపేవాడు అంకెలు నిజంలా కనిపించాలని గుండ్రని వాటిని తప్పించుకుంటాడు. నిజంగా ఊరికి వెళ్లినవాడికి అవే ఎక్కువగా దొరుకుతాయి. నేను వారిని తరగతిలో నిలదీయలేదు. ఆ బార్ చార్ట్‌ను మిగతా జట్ల చార్టుల పక్కన పెట్టాను, మరునాడు వాళ్లే వచ్చి మళ్లీ ఊరికి వెళ్తామన్నారు.

ప్రశ్నావళిలో పొలం దిగుబడి ఉంటే ప్రమాణాల పాఠం తప్పదు. ఎకరాకు ఎన్ని బస్తాలు అని రాసుకొచ్చిన విద్యార్థిని, బస్తా అంటే ఎన్ని కిలోలని అడగండి. ఊరికీ ఊరికీ తేడా వస్తే ఆ గడి మొత్తం మళ్లీ రాయాలి. పంట కోత ప్రయోగాల్లో వరికి అయిదు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు గల మడిని కోసి తూచి, వచ్చిన కిలోలను 400తో గుణించి హెక్టారు దిగుబడి కడతారు. ఈ 400 ఎక్కడిదో రైతుబిడ్డల చేత చెప్పించడం తేలిక. 25 చదరపు మీటర్లలో అర కిలో పొరపాటు హెక్టారుకు 200 కిలోలు అవుతుందన్నది మాత్రం ఒకసారి బోర్డు మీద మనమే వేసి చూపాలి.

ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు మన జిల్లాలోని ఉద్దానం ప్రాంతపు కిడ్నీ వ్యాధి మీద సర్వే చేస్తామంటారు. ఆసక్తి సహజమే, చాలామంది అక్కడివారే. అయినా నేను ఒప్పుకోను. అనేక పరిశోధనల తరువాత కూడా కచ్చితమైన కారణం తేలని వ్యాధి గురించి నలభై ఇళ్ల సర్వేతో నీటి మీదో వృత్తి మీదో వేలు చూపించడం తప్పుడు పాఠం. పైగా రోగి గుమ్మంలో నిలబడి ప్రశ్నలు వేయడానికి కావలసిన అనుమతులూ శిక్షణా మన విద్యార్థులకు లేవు. ఆ ఆసక్తిని తరగతి చర్చకు మళ్లించవచ్చు: ఒకే ఊళ్లో నీరు, పని, ఎండ, వయసు అన్నీ కలిసి ఉన్నప్పుడు ఒకదాని ప్రభావాన్ని మరొకదాని నుంచి ఎలా విడదీస్తాం?

ప్రభుత్వ పట్టికలను మూడో దఫాలోనే ఇవ్వాలి, ఎందుకంటే అచ్చయిన అంకెను అనుమానించడం అప్పటికి అలవాటై ఉంటుంది. జిల్లాల పునర్విభజన ఇందుకు మంచి ఉదాహరణ. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయినప్పుడు పాలకొండ ప్రాంతం పార్వతీపురం మన్యం జిల్లాలోకి, రాజాం ప్రాంతం విజయనగరం జిల్లాలోకి వెళ్లాయి. ఈ సంగతి చెప్పకుండా శ్రీకాకుళం జిల్లా వరి విస్తీర్ణాన్ని ఏళ్ల వారీగా గీయమంటే, ఆ తేదీ తరువాత గీత దిగజారుతుంది. రైతులు సాగు వదిలేస్తున్నారని పేజీలు నింపేవారు ఉంటారు. పాత జిల్లా మండలాలను ఏరి కలిపి గీత మళ్లీ గీయించండి. 2011 జనగణనలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు రెండింటిలోనూ పురుషుల కంటే స్త్రీలే ఎక్కువగా నమోదు కావడం మరో మంచి ప్రశ్న. తమ వీధిలో పనికోసం హైదరాబాదుకో చెన్నైకో వెళ్లిన మగవాళ్లను లెక్కించి రమ్మంటే, లింగ నిష్పత్తిని చూసి తొందరపడి తీర్పు చెప్పే అలవాటు తగ్గుతుంది.

కంప్యూటర్ ఇంకా రాలేదేమని అడుగుతారేమో. అయిదో వారం దాకా రానివ్వకండి. అప్పుడు కూడా ముందు లిబ్రే ఆఫీస్ కాల్క్ అనే స్ప్రెడ్‌షీట్, ఆ తరువాత గణాంకాల కోసం తయారైన ఆర్ అనే సాఫ్ట్‌వేర్. రెండూ ఉచితమే. ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ మొదలుపెట్టిన ఆర్‌తో పాటు కొన్ని సిద్ధమైన దత్తాంశాలూ వస్తాయి. 1936లో గణాంక శాస్త్రవేత్త ఫిషర్ వాడిన ఐరిస్ పువ్వుల కొలతలు అందులోవే. వాటి జోలికి వెళ్లకుండా మన 320 బరువులనే ఎక్కించండి. చీటీలు కలిపి 200 సార్లు చేసిన పనిని ఆర్ చేత పదివేల సార్లు చేయించినప్పుడు, యంత్రం ఏం చేస్తోందో విద్యార్థికి ముందే తెలుసు కాబట్టి ఆదేశం నేర్చుకోవడానికి గంట చాలు. ల్యాబ్‌లో కంప్యూటర్లు చాలని చోట ఫోన్లోనే గూగుల్ షీట్స్‌తో నెట్టుకురావచ్చు. గ్రాఫులు సరిగా రావు, అంతే.

మార్కుల సంగతిలో నేను ఒకే ఒక్క కఠినమైన నియమం పెట్టుకున్నాను. ప్రతి జట్టూ తన దత్తాంశంతో పాటు ఒక పేజీ వివరణ ఇవ్వాలి: ఏ గడిలో ఏముంది, ఏ ప్రమాణం, ఎవరు ఎప్పుడు కొలిచారు, ఏది ఎందుకు తీసివేశారు. నివేదికను నేను దిద్దుతాను, ఆ పేజీని మాత్రం జూనియర్ల చేతికిస్తాను. ఎవరినీ అడగకుండా ఆ పేజీ ఒక్కదాని ఆధారంగా వాళ్లు సగటు, క్రమ విచలనం మళ్లీ కట్టి అవే విలువలు రాబట్టగలిగితే పది మార్కులూ ఇస్తాను. మధ్యలో ఆగి సీనియర్ల దగ్గరకు వెళ్లవలసి వస్తే, వెళ్లిన ప్రతిసారికీ ఒక మార్కు తగ్గిస్తాను. పప్పు మాత్రం అంకెలన్నీ ఎక్కించి, సరిచూసి, సంతకం పెట్టిన తరువాతే తినాలి.