ఇంట్లో సర్వర్‌కి తెలియని లాగిన్ ప్రయత్నాలు వస్తుంటే ఏం చేయాలి?

పాత డెస్క్‌టాప్‌లో ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి, పెద్ద హార్డ్‌డిస్క్ తగిలించి, ఇంట్లో ఓ మూలన పెట్టి సర్వర్‌గా నడిపేవాళ్లు మన నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు కూడా బాగానే ఉన్నారు. పెళ్లి వీడియోలు దాచుకునే స్టూడియోవాళ్లు, మిర్యాలగూడలో రైస్‌మిల్లు లెక్కలు పెట్టుకునేవాళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ ఊళ్లోని సిస్టమ్‌లోకి లాగిన్ అయ్యే పిల్లలు. వీళ్లలో ఎవరు లాగ్ (ఎవరెవరు లాగిన్‌కు ప్రయత్నించారో సిస్టమ్ రాసిపెట్టే చిట్టా) తెరిచినా ఇలాంటి వరస కనిపించే అవకాశం ఉంది:

ఫెయిల్డ్ పాస్‌వర్డ్ ఫర్ ఇన్‌వాలిడ్ యూజర్ అడ్మిన్ ఫ్రమ్ 203.0.113.45 పోర్ట్ 51122

దాని కింద రూట్ (సిస్టమ్ మీద పూర్తి అధికారం ఉండే యూజర్), ఆ కింద టెస్ట్, ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్, పై, గెస్ట్... పేజీలకు పేజీలు. చూడగానే టెన్షన్ వస్తుంది, మన మీద ఎవరు పగబట్టారా అని. ఆగమాగం కావద్దు, ఎవరూ పగబట్టలేదు. ఇంటర్నెట్‌లో ఇలా నాలుగు అంకెలతో ఉండే ఐపీవీ4 అడ్రస్‌లు మొత్తం సుమారు 430 కోట్లు. వాటన్నిటినీ వరసపెట్టి వెతికి, 22వ పోర్ట్ (దూరం నుంచి లాగిన్ అవ్వడానికి వాడే ఎస్ఎస్‌హెచ్‌కి మామూలు ద్వారం) తెరిచి ఉన్నచోటల్లా బాగా తెలిసిన పేర్లు, పాస్‌వర్డ్‌లు వేసి చూసే ప్రోగ్రామ్‌లు రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉంటాయి. "లోన్ కావాలా సార్" అని వచ్చే ఫోన్ల లాంటివే ఇవీ. నంబర్ తగిలింది కాబట్టి చేశారు, అంతే.

అందుకే ఫెయిలైన లైన్లు ఎన్ని ఉన్నాయని లెక్కపెడుతూ కూర్చోవడం దండగ. వెతకాల్సింది పాసైన లైన్ కోసం.

ముందు లాగ్ సరిగ్గా చదవండి

ఉబుంటులో ఇది వార్ ఫోల్డర్ లోపల లాగ్ అనే ఫోల్డర్‌లో, ఆథ్ డాట్ లాగ్ అనే ఫైల్‌లో ఉంటుంది. ఉబుంటు లాంటిదే అయిన డెబియన్ 12లో మామూలుగా ఆ ఫైల్ ఉండదు. కంగారుపడి, ఎవరో లాగ్ చెరిపేశారనుకోవద్దు. అక్కడ జర్నల్‌సీటీఎల్ కమాండ్‌తో ఎస్ఎస్‌హెచ్ సర్వీస్ పేరు ఇచ్చి చూడాలి. మాటలు వెతికే గ్రెప్ కమాండ్ పెట్టి 'యాక్సెప్టెడ్' అనే మాట ఉన్న లైన్లు మాత్రమే తీయండి. ప్రతి లైన్‌లోనూ యూజర్ పేరు, ఏ అడ్రస్ నుంచి వచ్చారు, పాస్‌వర్డ్‌తోనా కీతోనా (పాస్‌వర్డ్ బదులు వాడే ఫైల్) అన్నది ఉంటుంది. పక్కనే లాస్ట్ అనే కమాండ్ కొడితే ఎవరు ఎప్పుడు లోపలికొచ్చి ఎంతసేపు ఉన్నారో కూడా వస్తుంది.

ఇక్కడ రెండుచోట్ల మనవాళ్లు మోసపోతారు. మొదటిది టైమ్. ఉబుంటు సర్వర్ ఎక్కించినప్పుడు టైమ్ జోన్ మార్చకపోతే అది యూటీసీలోనే, అంటే మన టైమ్‌కి ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయంలోనే, ఉండిపోతుంది. లాగ్‌లో 02:40 అని ఉంటే, అర్ధరాత్రి దాటాక ఎవరో దూరారని గుండె ఆగినంత పనవుతుంది. ఐదున్నర గంటలు కలపండి, ఉదయం 8:10. టీ తాగుతూ మీరే లాగిన్ అయి ఉంటారు. టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండ్‌తో జోన్‌ను ఆసియా/కోల్‌కతాకు మార్చేస్తే ఈ గోల పోతుంది.

రెండోది అడ్రస్. ఇంట్లోంచి వస్తే మామూలుగా 192.168తో మొదలయ్యే అడ్రస్ పడుతుంది. బస్సులో కూర్చుని మొబైల్ డేటాతో లాగిన్ అయితే, ఎన్నడూ చూడని అడ్రస్ పడుతుంది. అదీ మీదే. ఆ రోజు ఆ టైమ్‌కి మీరు ఎక్కడున్నారో గుర్తు తెచ్చుకున్నాకే అది దొంగ లాగినా కాదా అన్నది తేల్చండి.

ప్రయత్నాలన్నీ ఒక్కలాంటివి కావు

'ఇన్‌వాలిడ్ యూజర్' అని ఉంటే ఆ పేరుతో మీ సిస్టమ్‌లో అకౌంటే లేదని అర్థం. దాన్ని వదిలేయండి. రూట్ పేరుతో వచ్చేవీ అంతే, రూట్‌కు పాస్‌వర్డ్ లాగిన్ ఆపేసి ఉంటే చాలు.

మీ అసలు యూజర్ పేరు, అదీ ఊరికే ఊహించలేనిది, ఫెయిలైన లైన్లలో పదేపదే కనిపిస్తే మాత్రం ఆగి చూడాలి. ముందుగా అనుమానించాల్సింది మీ సొంత వస్తువుల్నే. పాస్‌వర్డ్ మార్చాక ఫోన్‌లోని ఫైల్ యాప్‌లోనో, లాప్‌టాప్‌లోని బ్యాకప్ ప్రోగ్రామ్‌లోనో పాతదే ఉండిపోతే, అది పావుగంటకోసారి పాత పాస్‌వర్డ్‌తో ప్రయత్నిస్తూనే ఉంటుంది. టైమ్‌లు గడియారం కొట్టినట్టు సమానంగా ఉంటే చాలావరకు ఇదే. అలా కాక బయటి అడ్రస్‌ల నుంచి వస్తుంటే మీ పేరు ఎక్కడో బయటపడిందన్నమాట. అదే పేరు, అదే పాస్‌వర్డ్ ఇంకెక్కడైనా వాడుతుంటే ఈరోజే మార్చేయండి.

నాకు అన్నిటికంటే అనుమానం కలిగించేది మూడో రకం. అడ్రస్ చూస్తే 192.168.1.20 లాంటిది, అంటే మన ఇంటి నెట్‌వర్క్‌లోనిదే, కానీ అడిగే పేర్లు అడ్మిన్, రూట్, టెస్ట్. ఇంట్లోవాళ్లెవరూ అలా అడగరు. రౌటర్ పేజీ తెరిచి, కనెక్ట్ అయిన వస్తువుల జాబితాలో ఆ అడ్రస్ ఎవరిదో చూడండి. ఊరూపేరూ లేని టీవీ బాక్సో, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని సీసీటీవీ డీవీఆరో అయి ఉండొచ్చు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ లక్షల కెమెరాలను, డీవీఆర్‌లను ఇలాంటి ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లతోనే పట్టుకుంది. అలాంటి వస్తువు దొరికితే వైరు పీకేయండి. రీసెట్ చేసి, పాస్‌వర్డ్ మార్చి, కొత్త ఫర్మ్‌వేర్ (ఆ వస్తువు లోపలి సాఫ్ట్‌వేర్) ఉంటే ఎక్కించిన తర్వాతే మళ్లీ పెట్టండి.

తెలియని 'యాక్సెప్టెడ్' లైన్ దొరికితే

వెంటనే లాన్ కేబుల్ తీసేయండి. పవర్ ఆపొద్దు, ఆపితే ఆ క్షణంలో ఏ ప్రోగ్రామ్ నడుస్తోందో తెలియకుండా పోతుంది. మానిటర్, కీబోర్డ్ తగిలించి టాప్ కమాండ్‌లో ప్రాసెసర్‌ను ఎవరు తింటున్నారో చూడండి. క్రిప్టో మైనింగ్ ప్రోగ్రామ్ వదిలి వెళ్లడం మామూలే, ఫ్యాన్ ఊరికే హోరుమంటుంటే అదొక గుర్తు. హోమ్ ఫోల్డర్‌లో డాట్ ఎస్ఎస్‌హెచ్ లోపల ఆథరైజ్డ్ కీస్ ఫైల్ తెరవండి. మీరు పెట్టని కీ అందులో ఉంటే, పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చినా వాళ్లు వస్తూనే ఉంటారు. టైమ్ ప్రకారం వాటంతటవే నడిచే పనుల జాబితా, అంటే క్రాన్‌ట్యాబ్ కూడా చూడండి.

ఏదైనా దొరికితే దాన్ని తీసేసి ఊరుకోవద్దు. దొరకనివి ఎన్ని ఉన్నాయో మనకేం తెలుసు? ఫొటోలు, వీడియోలు, లెక్కల ఫైళ్లు వేరే డిస్క్‌కి కాపీ చేసుకుని, సిస్టమ్ మొత్తం కొత్తగా ఎక్కించడమే పద్ధతి. ఈమెయిల్, బ్యాంక్ పాస్‌వర్డ్‌లు ఆ సిస్టమ్ మీద కాకుండా వేరే ఫోన్ నుంచి మార్చండి.

బయటి నుంచి దారే లేకుండా చేయండి

ఎవరూ లోపలికి రాలేదని తేలాక చేయాల్సిన అసలు పని ఇదే. బయటివాళ్లు మీ సర్వర్ దాకా ఎలా రాగలుగుతున్నారు? రౌటర్‌లో ఎవరో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి ఇంట్లోని సిస్టమ్‌కి దారి ఇచ్చే సెట్టింగ్) పెట్టారు కాబట్టి. మీరు పెట్టకపోతే, కెమెరాలు ఫోన్‌లో కనపడాలని సీసీటీవీ బిగించినతను పెట్టి ఉంటాడు. ఒక్కో పోర్ట్ తెరిచే ఓపిక లేక డీఎంజెడ్ ఆన్ చేసి వెళ్లేవాళ్లూ ఉన్నారు. అలా చేస్తే ఆ అడ్రస్‌లో ఉన్న వస్తువు మొత్తంగా బయటికి తెరుచుకుంటుంది. రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్, డీఎంజెడ్, యూపీఎన్‌పీ (ఇంట్లోని వస్తువులు తమంతట తామే పోర్ట్ తెరిపించుకునే సెట్టింగ్) మూడూ చూసి, అవసరం లేనివి ఆపేయండి.

రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ (ప్రొవైడర్ మీ రౌటర్‌కి ఇచ్చిన అడ్రస్) 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే మీ ప్రొవైడర్ ఒకే అడ్రస్‌ను చాలామందికి పంచుతున్నాడని అర్థం. ఆ దారిన ఎవరూ నేరుగా రాలేరు. అలాగని నిశ్చింతగా ఉండొద్దు. ప్రొవైడర్ కొత్త రకం అడ్రస్‌లైన ఐపీవీ6 కూడా ఇస్తుంటే, రౌటర్‌లో దాని ఫైర్‌వాల్ ఆపేసి ఉంటే, సర్వర్ అటునుంచి కనిపిస్తుంది. లాగ్‌లో కోలన్‌లతో పొడుగ్గా ఉండే అడ్రస్‌లు అవే.

మరి హైదరాబాద్ నుంచి మనం ఎలా లాగిన్ అవ్వాలి? మీ వస్తువులను మాత్రమే కలిపి సొంత నెట్‌వర్క్‌లా చేసే టెయిల్‌స్కేల్ అనే ప్రోగ్రామ్ పెట్టుకోండి, సొంత వాడకానికి ఉచితం. సర్వర్‌లో ఒకటి, ఫోన్‌లో ఒకటి, లాప్‌టాప్‌లో ఒకటి ఎక్కించి ఒకే అకౌంట్‌తో కలిపితే చాలు, రౌటర్‌లో ఏ పోర్టూ తెరవక్కర్లేదు. నా లెక్కలో ఇంటి సర్వర్‌కి ఇంతకంటే తేలికైన మందు లేదు.

పాస్‌వర్డ్ తీసేసి కీ పెట్టండి

పోర్ట్ తెరిచి ఉంచక తప్పదంటే ఇది తప్పనిసరి. పోర్ట్ తెరవకపోయినా చేసుకోవడం మంచిదే. లాప్‌టాప్‌లో ఎస్ఎస్‌హెచ్-కీజెన్‌తో ఈడీ25519 రకం కీ తయారుచేసి, ఎస్ఎస్‌హెచ్-కాపీ-ఐడీతో సర్వర్‌కి పంపండి. కీతో లాగిన్ అవుతోందని చూసుకున్నాకే ఎస్ఎస్‌హెచ్‌డీ కాన్ఫిగ్ ఫైల్‌లో పాస్‌వర్డ్ ఆథెంటికేషన్‌కు 'నో' పెట్టి, సర్వీస్‌ను రీస్టార్ట్ చేయండి.

చాలామంది ఇక్కడే అయిపోయిందనుకుంటారు. ఉబుంటులో ఆ ఫైల్ పక్కనే ఎస్ఎస్‌హెచ్‌డీ కాన్ఫిగ్ డాట్ డి అనే ఫోల్డర్ ఉంటుంది. అందులో 50-క్లౌడ్-ఇనిట్ అనే చిన్న ఫైల్ ఉంటే, దాన్లో 'యెస్' అని రాసి ఉండొచ్చు. ముందు చదివిన మాటే చెల్లుతుంది కాబట్టి, మీరు రాసిన 'నో' గాలికి పోతుంది. సుడోతో (అంటే అడ్మిన్ అధికారంతో) ఎస్ఎస్‌హెచ్‌డీకి పెద్దక్షరం 'టీ' ఆప్షన్ ఇచ్చి నడిపితే నిజంగా అమల్లో ఉన్న సెట్టింగ్‌లు చూపిస్తుంది. అక్కడ 'నో' కనపడాలి.

ఈ మార్పులు చేసేటప్పుడు తెరిచి ఉన్న లాగిన్‌ను మూయకుండా, రెండో విండోలో కొత్తగా లాగిన్ అయి చూడండి. లేకపోతే ఏదైనా తప్పితే మీరే బయట ఉండిపోతారు, సర్వర్ దగ్గరికి వెళ్లడానికి ఎల్బీనగర్‌లో నల్గొండ బస్సెక్కాల్సిందే.

పదేపదే తప్పే అడ్రస్‌లను ఆపే ఫెయిల్2బ్యాన్ అనే ప్రోగ్రామ్ కూడా వేసుకోవచ్చు. మామూలు సెట్టింగ్‌లో పది నిమిషాల్లో ఐదుసార్లు తప్పితే ఆ అడ్రస్‌ను పది నిమిషాలు ఆపుతుంది. గంటకో రోజుకో పెంచి, మీ ఇంటి నెట్‌వర్క్‌ను మినహాయింపులో పెట్టండి. 22 బదులు వేరే పోర్ట్ పెడితే లాగ్‌లో చెత్త తగ్గుతుంది, అంతకుమించి భద్రత ఏమీ రాదు. ఒక్కో అడ్రస్‌నూ చేత్తో బ్లాక్ చేయడం మాత్రం వద్దు, రేపు ఇంకోటి వస్తుంది. విండోస్ సిస్టమ్ అయితే ఈవెంట్ వ్యూయర్‌లో సెక్యూరిటీ లాగ్ చూడండి: 4625 ఫెయిలైనవి, 4624 పాసైనవి. విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్ట్‌ను బయటికి అస్సలు తెరవొద్దు.

ఫిర్యాదు

ఊరికే ఫెయిలైన ప్రయత్నాలకు స్టేషన్ దాకా వెళ్లక్కర్లేదు. నిజంగా లోపలికొచ్చి ఉంటే మాత్రం కేంద్ర ప్రభుత్వ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి, డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. అనుమతి లేకుండా మోసపూరితంగా ఒకరి కంప్యూటర్‌లోకి దూరడం ఐటీ చట్టం 2000లోని 66వ సెక్షన్ కింద నేరం, మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. కోపంతో మీరు ఎదురు హ్యాకింగ్‌కి దిగితే ఆ సెక్షన్ మీకూ వర్తించొచ్చు. ఇంకో మాట: ఉబుంటులో ఆథ్ లాగ్ వారానికోసారి మారుతూ, మామూలుగా నాలుగు పాత వారాలవి మాత్రమే మిగులుతాయి. సిస్టమ్ కొత్తగా ఎక్కించే ముందే ఆ లాగ్‌లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని, ఫిర్యాదుతో పాటు ఇవ్వండి.