అమరావతి శిల్పాలను చదవడం ఎలా మొదలుపెట్టాలి?

ప్రాచీన కళా చరిత్ర మీద ఆసక్తి పుట్టినవారిలో చాలామంది శాతవాహనుల వంశావళితో మొదలుపెట్టి, నాలుగో రాజు దగ్గరికి వచ్చేసరికి విసిగిపోతారు. రాజులను తరువాత చూసుకోవచ్చు. ముందు ఒక్క రాతిని ఎంచుకోవడం మేలు. అమరావతి బౌద్ధ స్తూపానికి చెందిన, ఇప్పుడు చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో ఉన్న నాళాగిరి (బుద్ధుడి మీదికి వదిలిన మదపుటేనుగు) ఫలకం అందుకు చక్కగా సరిపోతుంది.

పక్కనున్న వివరణ చదవకుండా కాసేపు ఫలకాన్నే చూడండి. ఆ గుండ్రటి పాలరంగు సున్నపురాతిలో ఒకచోట జనాన్ని తొక్కుకుంటూ వస్తున్న ఏనుగు, మరోచోట బుద్ధుడి ముందు మోకరిల్లిన ఏనుగు కనిపిస్తాయి. రెండూ ఒకటే ఏనుగని, శిల్పి కథలోని ముందువెనుకలను ఒకే చట్రంలో ఇమిడ్చాడని తెలిసిన క్షణాన చూపు మారిపోతుంది. పెన్సిల్‌తో బొమ్మ గీసుకోండి. అది బాగా రాకపోయినా ఫరవాలేదు, గీస్తున్నప్పుడు కంటపడేవి ఫొటో తీస్తున్నప్పుడు పడవు.

తరువాత కాలభేదం గమనించాలి. తొలినాటి పలకలలో బుద్ధుడు మనిషి రూపంలో ఉండడు. ఖాళీ ఆసనం, బోధివృక్షం, పాదముద్రలు, ధర్మచక్రం ఆయనను సూచిస్తాయి. బ్రిటిష్ మ్యూజియంలోని ఒక అమరావతి పలకకు ఒకవైపు బోధివృక్ష పూజ ఉండగా, కొన్ని శతాబ్దాల తరువాత దానినే తిప్పి రెండోవైపు స్తూపాన్ని చెక్కారు. ఆ పలక ఫొటోలను ఇంటినుంచే చూడవచ్చు.

ఇక అసలు ప్రశ్న, ఆ రాయి ఎక్కడ నిలిచి ఉండేదన్నది. పురావస్తు శాస్త్రం అక్కడే మొదలవుతుంది. స్తూపం శిథిలమై మిగిలిన అమరావతి దిబ్బను పద్దెనిమిదో శతాబ్దం చివర ఇటుకల కోసం, రాళ్ల కోసం తవ్వేశారు. అంతకుముందు ఒకసారి చూసి వెళ్లిన బ్రిటిష్ సర్వేయర్ కాలిన్ మెకంజీ 1816లో మళ్లీ వచ్చి చిత్రాలు గీయించేనాటికి నడిభాగం చెరువుగా మారింది. అందుకే కనుమరుగైన పలకలకు నేడు ఆ చిత్రాలే ఆధారం. మరో బౌద్ధ క్షేత్రమైన నాగార్జునకొండలో మాత్రం నాగార్జునసాగర్ జలాశయం నిండకముందే, 1954 నుంచి 1960 వరకు, క్రమపద్ధతిలో తవ్వి నమోదు చేశారు. రెండుచోట్లకూ వెళ్లి పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది.

మీ పొలంలో పాత నాణేలు, విగ్రహం వంటివి బయటపడితే కడగకండి, కదపకండి. ఉన్నచోటనే ఫొటో తీసి తహసీల్దారుకు గానీ కలెక్టరుకు గానీ తెలపండి. పది రూపాయల విలువ దాటిన నిధిని కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టమే చెబుతోంది.