అప్‌డేట్ సర్వర్ పడిపోతే – 4వ భాగం: మళ్లీ లేపడం

పోయిన భాగంలో మిర్రర్ (అసలు సర్వర్‌లోని సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలకి మన దగ్గరుండే కాపీ) అంటే ఏంటో, ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్‌తో ఆ ప్యాకేజీలు మన సర్వర్‌కి ఎలా తెచ్చుకుంటామో చూశాం కదా. ఇవాళ అది పడిపోయిన రోజు ఏం చెయ్యాలో నేర్చుకుందాం, పక్కన ఒక పాత ల్యాప్‌టాప్ పెట్టుకుని చేస్తూ చదవండి.

నేను విశాఖలో రుషికొండ దగ్గర ఒక ఆఫీసులో రెండొందల ఉబుంటు లినక్స్ మెషీన్లకి అప్‌డేట్లు ఇచ్చే సర్వర్ చూసుకునేవాడిని. ఒక సోమవారం పొద్దున్న, బస్సు ఇంకా మద్దిలపాలెం దాటలేదు, ఫోన్లు మొదలైపోయాయి, "అన్నా, అప్‌డేట్ కొడితే హ్యాష్ సమ్ మిస్‌మ్యాచ్ అంటోంది" అని, అంటే దిగిన ఫైలు దానికి రాసి ఉన్న లెక్కతో సరిపోలడం లేదన్నమాట. వెళ్లి లాగ్ తెరిస్తే డిస్క్‌లో చోటు లేదని ఉంది, డిస్క్‌లో చోటు చూపించే డీఎఫ్ మైనస్ హెచ్ (df -h) కొడితేనేమో సగం డిస్క్ ఖాళీ! అరగంట అక్కడే తిరిగాను. తర్వాత డీఎఫ్ మైనస్ ఐ (df -i) కొడితే ఐనోడ్లు, అంటే ఫైళ్ల వివరాలు రాసుకునే గళ్లు, 100 శాతం వాడేసి ఉన్నాయి. ప్రతి ఫైలుకీ ఒక ఐనోడ్ కావాలి, ఎక్స్‌ట్4 (ext4) అనే ఫైల్ సిస్టమ్‌లో అవి ఎన్ని ఉండాలో డిస్క్ ఫార్మాట్ చేసినప్పుడే ఖాయమైపోతుంది, మామూలుగా 16 కేబీకి ఒకటి. అదే డిస్క్ మీద ఉన్న క్యాష్ ఫోల్డర్‌లో లక్షల చిన్న ఫైళ్లు చేరి అన్నీ తినేశాయి. దాంతో సింక్ మధ్యలో ఆగిపోయింది, లిస్టుల హ్యాష్‌లూ సంతకమూ ఉండే ఇన్‌రిలీజ్ ఫైలు కొత్తది వచ్చేసింది కానీ ప్యాకేజీల లిస్టు పాతదే ఉండిపోయింది. బిల్లు ఇవాళ్టిది, సంచిలో సరుకు నిన్నటిది అన్నమాట, మరి లెక్క ఎలా కుదురుతుంది?

ఇలాంటప్పుడు ముందు క్రాన్‌లో (పనుల్ని టైముకి వాటంతటవే నడిపేది) సింక్ ఆపండి, లేకపోతే మీరు బాగుచేస్తుంటే అది వెనకాల పాడుచేస్తూ ఉంటుంది. రెండోది, వాడేవాళ్లకి చెప్పండి. కారణం తెలిశాకే చెబుదాం అని ఆగకండి. "అప్‌డేట్లు ఆగాయి, మీ మెషీన్లకి ఏమీ కాలేదు, మళ్లీ మళ్లీ ప్రయత్నించొద్దు, పదకొండింటికి ఇంకో మెసేజ్ పెడతాను" ఇంత చాలు, కానీ పదకొండింటికి పని అవ్వకపోయినా ఆ మెసేజ్ పెట్టాల్సిందే. డిజిటల్ సంతకాల చెకింగ్ ఆపేసి ఇన్‌స్టాల్ చేసుకోమని మాత్రం ఎవరికీ సలహా ఇవ్వొద్దు, పని ఎంత అర్జెంటైనా సరే, ప్యాకేజీ అసలుదో కాదో చెప్పేది ఆ సంతకమే.

మూడోది నిన్నటి కాపీకి తిరగడం. రోజుకో ఫోల్డర్‌గా దాచుకుని, ఎంజిన్‌ఎక్స్ (ఫైళ్లు అందించే వెబ్ సర్వర్) చూసే సిమ్‌లింక్‌ని, అంటే ఫోల్డర్‌కి దారి చూపే షార్ట్‌కట్‌ని, నిన్నటి ఫోల్డర్‌కి తిప్పితే క్షణంలో సర్వీసు వచ్చేస్తుంది. ఒకరోజు పాతదైనా పూర్తిగా ఉన్న కాపీ, కొత్తదై సగమే ఉన్న కాపీకంటే వెయ్యిరెట్లు నయం, ఈ పాఠంలో నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే. తర్వాత క్యాష్ ఖాళీ చేసి, కొత్త ఫోల్డర్‌లోకి ముందు పూల్, అంటే ప్యాకేజీలు, అవి పూర్తయ్యాకే డిస్ట్స్, అంటే వాటి లిస్టులు, తెచ్చుకోండి, పాతవి తీసెయ్యడం అన్నిటికంటే ఆఖరున.

తెరిచేటప్పుడు అందరికీ ఒకేసారి తెరవకండి. ఒక్కో మెషీన్‌కి 150 ఎంబీ అనుకుంటే రెండొందలకి 30 జీబీ, 100 ఎంబీపీఎస్ లైను మీద అది ఎంత బాగా నడిచినా 40 నిమిషాలు, అందరూ ఒక్కసారే మీద పడితే చాలామందికి టైమ్‌అవుట్ వచ్చి మళ్లీ మొదటికొస్తారు. ఎంజిన్‌ఎక్స్‌లో కనెక్షన్లకి లిమిట్ పెట్టి, ఒక్కో ఫ్లోర్ వదలండి. ఏదైనా ఒక యూజర్ మెషీన్‌లో మీరే కూర్చుని అప్‌డేట్ కొట్టి చూశాకే "అయిపోయింది" అని చెప్పండి, సర్వర్‌లో అంతా పచ్చగా కనిపించడం లెక్కలోకి రాదు.

రెండో మిర్రర్ పెట్టుకునేవాళ్లు ఒకటి రుషికొండలో, ఒకటి గాజువాకలో పెట్టి సరిపోతుందనుకోకండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఊరంతటికీ కరెంటూ ఫోన్లూ పోయాయి. రెండోది హైదరాబాద్‌లోనో ఇంకెక్కడో ఉండాలి, డీఎన్ఎస్ టీటీఎల్ (సర్వర్ పేరుకున్న అడ్రసుని ఎంతసేపు గుర్తుపెట్టుకోవాలో చెప్పేది) ముందే 300 సెకన్లకి తగ్గించి ఉంచుకోవాలి, పడిపోయాక తగ్గిస్తే ఉపయోగం లేదు.

ఈ వారం పని: 50 ఎంబీ ఖాళీ ఫైలు చేసి, దాన్ని ఎక్స్‌ట్4గా ఫార్మాట్ చేసేటప్పుడు మైనస్ పెద్ద ఎన్ 200 (-N 200, అంటే ఐనోడ్లు ఓ 200 చాలని) ఇవ్వండి, మౌంట్ చేసి టచ్‌తో 500 ఖాళీ ఫైళ్లు చెయ్యబోండి. ఎక్కడో ఆగిపోతుంది. అప్పుడు డీఎఫ్ మైనస్ హెచ్, మైనస్ ఐ రెండూ కొట్టి పక్కపక్కన రాసుకోండి, 5వ భాగంలో ఆ అంకెల మీదే అలారం పెడతాం.